అరగంట బాబాయి

ఎంత చిన్న ప్రశ్న అడిగినా సరే, అడిగినవాళ్లు అరగంట బుర్ర బద్దలు కొట్టుకోనిదే బాబాయి జవాబు చెప్పడు. గడియారాలు బాగుచేసే మనిషి కాబట్టి ఆ అరగంట కొలవడానికి బల్ల మీద ఓ అలారం గడియారం కూడా పెట్టుకున్నాడు. ఓసారి దారి అడిగిన పెద్దమనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి అలారం తిప్పాడు. ఐదు నిమిషాల్లో దారి దానంతటదే గుర్తొచ్చిందని చెప్పి ఆయన పరారయ్యాడు.

ఇంకోసారి పిన్ని కళ్లజోడు కోసం ఇల్లంతా గాలించి, చూశారా అని అడిగింది. అది ఆవిడ నెత్తిమీదే ఉంది.

"గంట మోగిందా?" అన్నాడు బాబాయి.

పొయ్యి మీద కూర మాడిపోయింది గానీ ఆయన నోరు మెదపలేదు. ఆ పూట మాడిన కూర ఆయనే రెండుసార్లు వడ్డించుకు తిన్నాడు.

అలాంటి మనిషి దగ్గరికి అన్నగారమ్మాయి ప్రోగ్రామింగ్ పుస్తకం పట్టుకుని వచ్చింది. ఆఫీసులో ఆమె చేసే టైపు పని ఎత్తేస్తున్నారు. ప్రోగ్రామింగ్ పరీక్ష నెగ్గితే కొత్త విభాగం, లేకపోతే ఇంటికే. మొదటిసారి తప్పింది. ఇక మిగిలింది ఒక్క అవకాశం, ఆరు వారాల గడువు. పుస్తకంలో చిక్కుప్రశ్నలు వందుంటే, వందకీ వెనక పేజీల్లో జవాబు చూసేసి అర్థమైందని తలాడించిన పిల్ల ఆమె. పరీక్షలో వెనక పేజీలు ఉండవు కదా.

బాబాయికి ప్రోగ్రామింగ్‌లో ఓనమాలు రావు. ఆయన చేసిందల్లా జవాబుల పేజీలు బ్లేడుతో కోసి, స్ప్రింగుల సొరుగులో పెట్టి తాళం వెయ్యడమే. గంట మోగాక ఒక్క జవాబు చూపిస్తాడు. అది చదివి తిరిగి ఇచ్చేసి, మళ్లీ మొదటినుంచీ చూడకుండా రాయాలి.

"మధ్యలో ఒక్క లైను చూస్తే ఏం పోతుంది బాబాయ్?"

"గంట మోగిందా?"

రోజూ ఆఫీసు నుంచి తిన్నగా బాబాయి దుకాణానికొచ్చి, ఓ మూల ల్యాప్‌టాప్ తెరిచేది. అంకెల వరసని తిరగేసే చిన్న ప్రశ్నకే మూడు రోజులు పట్టింది. బాబాయి మీద పీకలదాకా కోపం వచ్చేది. అయినా పళ్లు బిగించి రాసింది, చెరిపింది, మళ్లీ రాసింది.

ఇందులో ఓ తమాషా ఉంది. గోడ మీద గడియారాలన్నీ ఒక్క మాట మీద నడుస్తుంటే, బాబాయి చేతికింద ఉన్న ఆ అలారం ఒక్కటే తిక్కతిక్కగా మోగేది. ఒకరోజు ఇరవై నిమిషాలకే, ఇంకోరోజు యాభై దాటాక. సొంత గడియారం బాగుచేసుకోలేనివాడు మనవేం చేస్తాడని పక్క దుకాణం టైలరు మొహం మీదే నవ్వాడు.

"దానికి వయసైంది" అనేవాడు బాబాయి, తలెత్తకుండా. ఆయన పరువు పోతోందని అమ్మాయి మనసు చివుక్కుమనేది.

పరీక్షలో మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయింది. కానీ లేచి రాలేదు. ప్రశ్నని ముక్కలు చేసి, చిన్న అంకెలతో కాగితం మీద వేసి చూసుకుని, మెల్లగా రాసింది. నెగ్గింది.

బాబాయి ఆ అలారం గడియారమే ఆమెకి కానుకిచ్చాడు. తిక్క గడియారం అంటగట్టాడని నవ్వుకుంటూ కొత్త బల్ల మీద పెట్టుకుంది. వారం వాడింది. అరగంటకి పెడితే కచ్చితంగా అరగంటకే మోగింది, ఒక్క నిమిషం తేడా లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఇరవై నిమిషాలకే మోగిన రోజులన్నీ తను చేసిన తప్పే మళ్లీ మళ్లీ చేస్తూ కళ్లు తుడుచుకున్న రోజులు. యాభై దాటినవి జవాబు తనే పట్టుకున్న రోజులు. ముల్లు జరిపింది బాబాయే.

గడియారం చంకలో పెట్టుకుని దుకాణానికి పరిగెత్తింది. ప్రోగ్రామింగ్ రాని మనిషికి, తనకి జవాబు ఎప్పుడు కావాలో ఎలా తెలిసిందని నిలదీసింది.

"కదిలే స్క్రూ చేతికి తెలుస్తుందమ్మా. కదలనిదాన్ని ఇంకా తిప్పితే దాని తలే అరిగిపోతుంది."

"మరి అందరూ నవ్వుతుంటే నాకైనా ఎందుకు చెప్పలేదు?"

బాబాయి గడియారం అందుకుని అరగంటకి తిప్పి, స్టూలు చూపించాడు. ఆమె బుద్ధిగా కూర్చుంది. ఆయన భూతద్దంలో తలదూర్చగానే ముల్లు జరిపింది. గంట గణగణ మోగింది.

"దానికి వయసైంది బాబాయ్. చెప్పు."

బాబాయి నవ్వాపుకోలేకపోయాడు.

"ఏడిస్తే తొందరగా మోగుతుందని తెలిస్తే, రోజూ ఏడ్చేదానివి కదే."