మోత ఆపొద్దని మా ఊరు చెప్పిన రోజు

పోయిన నెల మా వీధిలో ఒక పెళ్ళి బరాత్ పోయింది. డీజే బండిని కరీంనగర్ నుంచి తెప్పించారు. బండి నడిపే అబ్బాయి కొత్తవాడు, పాపం, మా ఊరి సంగతి తెలియదు. ఒక పాట అయిపోగానే ఆపేసి, ఇంకో పాట వెతకడానికి ఫోన్ తీశాడు. అంతే. పెళ్ళికొడుకు కారులో కూర్చుని ఉండగానే బరాత్‌లో సగం మంది చాయ్ హోటల్ ముందుకు చేరిపోయారు. మిగిలిన సగం, కుర్రకారు, పిడికిలి పైకెత్తి గాలిలో ఏదో పట్టుకుని పక్కకు లాగుతున్నట్టు చేతులు ఊపుతున్నారు. ఆ అబ్బాయి బిక్కమొహం వేసి చూస్తున్నాడు.

నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. పక్కింటి పిల్ల, ఇంజనీరింగ్ చదువుతుంది, ఆ గుంపులోనే ఎగురుతోంది. పిలిచి అడిగాను.

"గదేందే, చెయ్యి గట్లెందుకు గుంజుతున్నరు?"

"గది డీజే స్టెప్ పెద్దమ్మా. అందరు ఏస్తరు."

"ఎవలు నేర్పిండ్రు?"

"ఎవలు నేర్పుతరు? రీల్స్‌ల వస్తది."

నాకు ఒళ్ళు మండింది. రీల్స్‌లో వస్తుందట. ఆ చెయ్యి మా బాపుది, మా నాన్నది. ఆ పిల్ల అప్పటికి పుట్టనే లేదు, వాళ్ళ అమ్మ ఇంకా లంగా జాకెట్టు వేసుకుని తిరుగుతోంది. నిలబెట్టి అంతా చెబుదామనుకున్నాను గానీ బండిలో మళ్ళీ పాట మొదలైంది, పిల్ల తుర్రుమంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మాది మరమగ్గాల ఊరు. మరమగ్గం అని పుస్తకాల్లో రాస్తారు గానీ మా దగ్గర ఎవరూ అలా అనరు, సాంచా అంటారు. ఆ రోజుల్లో ఏ సందులోకి పోయినా ఒక షెడ్డు, షెడ్డు నిండా సాంచాలు, పొద్దస్తమానం టకటక. బయటి ఊళ్ళ చుట్టాలు వస్తే చెవులు మూసుకునేవాళ్ళు. మాకు ఆ మోత ఉన్నట్టే తెలిసేది కాదు, ఆగితేనే తెలిసేది. ఆగిందంటే కరెంటు పోయిందన్నమాట. కరెంటు పోతే మగవాళ్ళు ముందు తల ఎత్తి బల్బు వైపు చూసేవాళ్ళు, తర్వాత ఒంటి మీది దూది దులుపుకుని లేచి, చాయ్‌కో బీడీకో బయటికి నడిచేవాళ్ళు. ఒకరికొకరు చెప్పుకునే పని లేదు. అందరూ ఒక్కసారే లేచేవాళ్ళు.

షెడ్డులో మాట వినపడదు కదా, అందుకని అన్నీ చేతులతోనే చెప్పుకునేవాళ్ళు. అరచెయ్యి చూపిస్తే ఆపు అని. బొటనవేలు నోటి దగ్గర వంచితే చాయ్ అని. పిడికిలి బిగించి పక్కకు లాగితే పిడి గుంజు, సాంచా నడుపు అని. ఒకరు ఈ చివర నిలబడి చెయ్యి లాగితే పక్కవాడు అందుకుని తన పక్కవాడికి లాగేవాడు, అలా షెడ్డు ఆ చివరిదాకా పోయేది. మా బాపుకు అన్నం తెచ్చిచ్చి నేను ద్వారంలో నిలబడి ఈ చేతుల మాటలు చూసేదాన్ని. బాపు అక్కడ భలే మాటకారి. చేతులతోనే జోకులు వేసి నవ్వించేవాడు.

ఇంట్లో అలా కాదు. మీసం మొలవకముందు నుంచే సాంచాల మధ్య నిలబడ్డ మనిషి. చెవులు మెల్లమెల్లగా పోయాయి. ఒకప్పుడు భజనలో డోలక్ బాపుదే. ప్రతి శనివారం హనుమాన్ గుడిలో భజన ఉండేది, బాపు డోలక్ పట్టుకుంటే కూర్చున్న ముసలివాళ్ళు కూడా లేచి గంతులేసేవాళ్ళని మా అవ్వ, అంటే మా అమ్మ, చెప్పేది. నేను అయిదో తరగతిలో ఉన్నదాకా రోజూ సాయంత్రం నాచేత పాడించి తను వాయించేవాడు. తర్వాత ఒక శనివారం భజనలో తాళాలు ఒకవైపు పోయాయి, బాపు డోలక్ ఇంకోవైపు పోయింది. అందరూ తల దించుకుని పాడారు. బాపు మాత్రం వాళ్ళ ముఖాలు చూశాడు. ఇంటికి వచ్చి డోలక్‌ను మేకుకు తగిలించాడు, మళ్ళీ దించలేదు. నన్ను పాడమనడం మానేశాడు. నేను పాడటం మానేశాను. అవ్వ ఏదైనా అడిగితే ఆమె నోటి వైపు కాసేపు చూసి, గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

"మనిషి ఇంట్లనే ఉంటడు గనీ ఇంట్ల ఉన్నట్టే ఉండదు" అని అవ్వ సాంచాలకు నూలు కండెలు చుట్టుకుంటూ తనలో తానే అనుకునేది.

కొన్నేళ్ళు అట్లాగే గడిచాయి. నేను ఇంటర్‌లోకి వచ్చాను. ఒకరోజు భజన వాళ్ళు ఇద్దరు వచ్చారు. వాళ్ళ డోలక్ తోలు పోయిందట, వాయించడానికి కొత్తవాడు దొరికాడట, "నీది ఊకెనే ఉన్నది గదా అన్నా, ఇస్తవా" అని సైగ చేసి అడిగారు. బాపు మేకు వైపు చూడను కూడా లేదు.

"సోమారం పొద్దుగాల వచ్చి తీస్కపోండ్రి" అన్నాడు.

ఆ పూట అవ్వ అన్నం తినలేదు. నేను కూడా తినలేదు గానీ, నాది కోపం. బాపు మీదో, భజన వాళ్ళ మీదో, ఎవరి మీదో తెలియని కోపం. ఆ డోలక్ గుమ్మం దాటితే బాపు ఇక మాకు పూర్తిగా దూరమైపోతాడని నాకు గట్టిగా అనిపించింది.

ఆ సోమవారానికి ముందు ఆదివారమే మా ఊరి స్టేడియం మొదలుపెట్టిన రోజు. స్టేడియం అంటే ఏదో ఊహించుకోకండి. కాలేజీ గ్రౌండుకు ఒక పక్క సిమెంటు మెట్లు కట్టారు, మిగతా మూడు పక్కలా తుమ్మ చెట్లే. కానీ మాకు అది స్టేడియమే, ఇప్పటికీ ఆటోవాళ్ళు అలాగే అంటారు. ప్రారంభానికి హైదరాబాద్ నుంచి ఒక గిటార్ల బ్యాండును పిలిపించారు. మేం అప్పటిదాకా చూసిన బ్యాండంటే పెళ్ళిలో ఎర్రకోటు వేసుకుని బాకా ఊదేవాళ్ళే. ఆ రోజు సాంచాలన్నీ బంద్ పెట్టారు. ఊరంతా కదిలింది.

"నాకు ఇనరాదు, నేనొచ్చి ఏం జెయ్య?" అన్నాడు బాపు.

అవ్వ ఆయన అంగీ తెచ్చి చేతిలో కుక్కింది. "ఇంట్ల కూసొని గోడను సూస్తవా? నడువు" అంది. మాట వినపడకపోయినా ఆ ముఖం చూస్తే ఎవరైనా నడవాల్సిందే.

మేం ముగ్గురం కింది మెట్టు మీద కూర్చున్నాం. ఇంకా ఎండ దిగలేదు. ముందు మైదానంలో షెడ్డు మగవాళ్ళంతా నేల మీద బాసిపట్లు వేసుకుని కూర్చున్నారు. స్టేజీకి రెండు వైపులా బీరువాలంతేసి నల్లటి స్పీకర్ బాక్సులు. వాయించేవాళ్ళకు భుజాల దాకా జుట్టు. అవ్వ వాళ్ళను పరీక్షగా చూసి, "గీ పోరగాండ్లకు తలకు నూనె వెట్టెటోళ్ళు లేరా ఇంట్ల?" అని పరేషాన్ అయింది. పక్కనున్న ఆడవాళ్ళంతా కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు.

పాట మొదలైంది. పాట అనొచ్చో లేదో కూడా మాకు అప్పుడు తెలియదు. మాటలు ఇంగ్లీషు, ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ దెబ్బ. డ్రమ్ముల దెబ్బకు మేం కూర్చున్న సిమెంటు మెట్టు అదురుతోంది. బయటి ఊరి జనమైతే చెవులు మూసుకునేవాళ్ళేమో, మావాళ్ళు హాయిగా కూర్చున్నారు. అంత మోతలో కూడా దూరం దూరంగా ఉన్నవాళ్ళు చేతులతో నూలు ధరలు, ఇంటి సంగతులు మాట్లాడుకుంటున్నారు.

బాపు మొదట తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. తర్వాత అరచెయ్యి మెట్టు మీద ఆనించాడు. కాసేపు అలాగే ఉంచాడు. ఉన్నట్టుండి లేచి, జనం మధ్య నుంచి నేరుగా స్టేజీ దగ్గరికి నడిచాడు. వెళ్ళి ఆ నల్ల బాక్సు మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాడు.

"ఓయవ్వో, గీయినకేమైంది? కరెంటు షాక్ కొట్టిందంటే పానం పోతది. పో బిడ్డా, గుంజుకరాపో" అని అవ్వ నన్ను తోసింది.

అంతమంది మగవాళ్ళ మధ్య నుంచి తల వంచుకుని పోయాను, సిగ్గుతో చచ్చిపోయాను. దగ్గరికి వెళ్ళి బాపు చెయ్యి పట్టుకుని లాగబోయి ఆగిపోయాను. ఆయన వేళ్ళు ఆ బాక్సు చెక్క మీద ఆడుతున్నాయి. డోలక్ వాయించినట్టు ఆడుతున్నాయి. స్టేజీ మీద డ్రమ్ము వైపు చూశాను, మళ్ళీ బాపు వేళ్ళ వైపు చూశాను. ఎక్కడా తప్పలేదు. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే పాట అయిపోయింది. గ్రౌండంతా నిశ్శబ్దం.

షెడ్డు మగవాళ్ళంతా ఒక్కసారి తల ఎత్తి పైకి చూశారు, అక్కడ బల్బు ఉన్నట్టు. లుంగీలు దులుపుకున్నారు. లేచారు. చాయ్ బండ్ల వైపు నడిచారు. చప్పట్లు కొట్టాలని ఎవరికీ తోచలేదు. స్టేజీ మీద వాళ్ళ ముఖాలు చూడాలి. పాపం, పాడే అబ్బాయి మైకులో "ఏమండీ, పాట నచ్చలేదా?" అన్నాడు. ముందు వరుసలోంచి పోతున్న ఒక ముసలాయన వెనక్కి తిరిగి, చాలా మర్యాదగా, "కరెంటు రానియ్యి బిడ్డా, మళ్ళొస్తం" అన్నాడు. మైకు మోగుతూనే ఉంది, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. అయినా మోత ఆగింది కాబట్టి కరెంటు పోయింది. మావాళ్ళకు అంతకు మించి లెక్క లేదు.

బాపు ఒక్కడే కదలలేదు. చేతుల కింద బాక్సు అదరడం మానేసేసరికి, చేతిలోది ఎవరో లాక్కున్నట్టు ముఖం పెట్టాడు. డ్రమ్ములాయన వైపు తిరిగి పిడికిలి ఎత్తి పక్కకు లాగాడు. నడుపు. ఆయన బిత్తరపోయి చూశాడు. బాపు మళ్ళీ లాగాడు. వెనక పోతున్నవాళ్ళలో ఎవరో అది చూసి, అలవాటు కొద్దీ తనూ చెయ్యి లాగి పక్కవాడికి అందించాడు. అతను ఇంకొకరికి. చూస్తుండగానే చాయ్ బండ్ల దాకా పోయింది. గ్రౌండు నిండా పిడికిళ్ళు.

డ్రమ్ములాయనకు ఏం అర్థమైందో ఏమో, పగలబడి నవ్వాడు. తనూ పిడికిలి ఎత్తి గాలిలో లాగి, వెంటనే కొట్టడం మొదలుపెట్టాడు. జనం గ్లాసులు పట్టుకునే వెనక్కి వచ్చి కూర్చున్నారు. ఆ తర్వాత పొద్దు గూకేదాకా ఆయన ఆపలేదు. పాటకూ పాటకూ మధ్య మిగతావాళ్ళు నీళ్ళు తాగినా ఆయన డ్రమ్ము మాత్రం నడుస్తూనే ఉంది. బాపు బాక్సును వదల్లేదు, నేను బాపును వదల్లేదు. అవ్వ మెట్టు మీద నిలబడి నెత్తి కొట్టుకుంటూ చూసింది.

ఆ రోజు నుంచి మా ఊళ్ళో పెళ్ళి బ్యాండయినా, గణపతి నిమజ్జనమైనా పాటల మధ్య మోత ఆపరు. సాంచాల మీద నిలబడ్డవాళ్ళే కొందరు తర్వాత ఆర్కెస్ట్రా పెట్టుకున్నారు. జమ్మికుంట, పెద్దపల్లి దాకా పోయి వాయించి వచ్చేవాళ్ళు, అక్కడి జనానికి ఆ చెయ్యి నేర్పి వచ్చేవాళ్ళు. ఆసిఫాబాద్‌లో ఒక పెళ్ళికి పోతే అక్కడ కూడా పిల్లలు చెయ్యి లాగుతుంటే చూసి నేను ఉలిక్కిపడ్డాను. ఇప్పుడు షెడ్లు సగం మూతపడ్డాయి. పిడి పట్టుకున్న చేతులు తగ్గిపోయాయి. చెయ్యి లాగడం మాత్రం మిగిలింది, ఎందుకో తెలియకుండానే. ఆ పాత టకటక ఒక్కోసారి నాకు గుర్తొస్తుంది. చెవులు తినేసిన మోత అని తెలుసు, అయినా గుర్తొస్తుంది.

ఆ సాయంత్రం సంగతి ఇంకా కొంచెం ఉంది. ఇంటికి వచ్చాం. అవ్వ దీపం పెడుతోంది. బాపు మేకు మీది డోలక్‌ను దించాడు. రేపు ఇవ్వడానికి దుమ్ము తుడుస్తున్నాడనుకున్నాను. తుడిచి పక్కన పెట్టి నన్ను పిలిచాడు.

"ఇటు రా బిడ్డా. కూసో."

కూర్చున్నాను. నా వీపు మీద, మెడకు కొంచెం కింద, అరచెయ్యి ఆనించాడు.

"పాడు."

ఎన్నో ఏళ్ళయింది పాడి. అవ్వ దీపం దగ్గరే ఆగిపోయి నా వైపు చూసింది. చిన్నప్పుడు పాడే బతుకమ్మ పాటే ఒకటి ఎత్తుకున్నాను. బాపు కళ్ళు మూసుకున్నాడు. ఒక చెయ్యి నా వీపు మీదే ఉంది, రెండో చెయ్యి మెల్లగా డోలక్ మీదికి పోయింది. పాట అయిపోయింది. ఆయన చెయ్యి తియ్యలేదు.

"నీ గొంతు మారింది గదనే" అన్నాడు. "గింత పెద్దగెప్పుడైనవే నువ్వు?"

అవ్వ కొంగుతో ముఖం కప్పుకుని లోపలికి పోయింది.

తెల్లారి భజన వాళ్ళు వచ్చారు. బాపు అప్పటికే షెడ్డుకు పోయాడు. అవ్వ వాళ్ళను కూర్చోబెట్టి చాయ్ పోసింది, గ్లాసులు ఖాళీ అయ్యేదాకా ఆగి చెప్పింది.

"డోలక్ ఇయ్యం అన్నా. మా ఇంట్ల పాడెటోళ్ళున్నరు."