నేను లొంగిపోయిన సైన్యం

ప్రభుత్వం పడిపోతుందని ఊరంతా చాటి, అది పడకపోగా నేనే కాలువగట్టు మీద పడిపోయిన కథ ఇది. భయపడకండి, దేశానికేం నష్టం జరగలేదు. నష్టమల్లా మా బాబాయి పరువుకి, మా చెల్లెలు రాజ్యం పెళ్ళి ఊరేగింపుకి, ఒక డబ్బా కిరసనాయిలుకి. మూర్ఖత్వం మాత్రం పూర్తిగా నా స్వార్జితం. అందులో వాటా ఇమ్మని ఇంతవరకూ ఏ జ్ఞాతీ అడగలేదు.

యాభైలు ముగింపుకొస్తున్న రోజులు. నేను కాకినాడలో బి.ఏ. ఎలాగో గట్టెక్కించి, కొత్తపేటలో మా బాబాయి ఇంట్లో ఉంటున్నాను. ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వస్తుందనీ, వచ్చినప్పుడు దారి తప్పకూడదనీ రోజూ గవరయ్య కాఫీ హోటల్లో ఒకే బల్ల దగ్గర కూర్చునేవాణ్ణి. ఆ బల్ల మీదికి ఉద్యోగం రాలేదు గానీ పేపరు వచ్చేది. పొరుగుదేశంలో సైన్యాధిపతి గద్దెనెక్కాడని ఒకరోజు అందులో పడింది. అదే వారం మా ఊళ్ళో కిరసనాయిలు మాయమైంది, బస్సులు సగం ఆగిపోయాయి. ఈ రెంటికీ ముడివెయ్యడానికి బి.ఏ. చదివినవాడికి ఎంతసేపు కావాలి? కాఫీ చల్లారేలోగా వేసేశాను.

“చూడండి,” అన్నాను హోటలందరికీ వినపడేలా. “చమురు లేకపోతే బస్సులు కదలవు. బస్సులు కదలకపోతే బస్తాలు కదలవు. బస్తాలు కదలకపోతే జనం కదులుతారు. సర్దిచెబుదామని మంత్రులు బయల్దేరితే వాళ్ళ కార్లలోనూ పెట్రోలుండదు. మరి పెట్రోలు మిగిలేది ఎవరి దగ్గర? సైన్యం దగ్గర! ఎవరి బండి కదిలితే గద్దె వాళ్ళది. రాసిపెట్టుకోండి, పండక్కి మనల్ని పాలించేది మిలటరీయే.”

“ఆయ్, నిజమేనండీ,” అన్నాడు గవరయ్య. ఇడ్లీలో ఉప్పులేదని ఎవరన్నా అన్నా కూడా అతను ఆ మాటే అనేవాడు.

ధాన్యం మిల్లు కామేశం గారు మాత్రం చెంబు దించి నాకేసి చూశారు. రోజూ పొద్దున్నే రెండిడ్లీలూ, నా మీద ఒక నవ్వూ ఆయన ఫలహారం.

“కిరసనాయిలు లేకపోతే దీపం ఆరుతుందబ్బాయ్. సర్కారెందుకు ఆరుతుంది?”

“మీరు చరిత్ర చదవలేదు మామయ్యగారూ.”

“చదవలేదు బాబూ, తోసేను. యుద్ధమప్పుడు పెట్రోల్లేక బస్సులు బొగ్గు మీద నడిచేవి. ఎత్తొస్తే మేమే దిగి తోసేవాళ్ళం. అప్పుడు కూడా ఏ సైన్యాధిపతీ కొత్తపేటొచ్చి గద్దెక్కడని అడగలేదే?”

“అప్పుడున్నది దొరలు కదండీ! ఆక్రమించిన వాళ్ళని మళ్ళీ ఎవరాక్రమిస్తారు?”

“పోన్లే. వచ్చేముందు ఓ కబురెట్టమను. అదే రోజు మా పెద్దమ్మాయి పెళ్ళయితే విస్తళ్ళు చాలొద్దూ?”

హోటలంతా నవ్వింది. గవరయ్య ‘ఆయ్’ అంటూ మరీ నవ్వాడు.

ఇంటికెళ్ళి మా బాబాయికి కూడా దేశ పరిస్థితి వివరించాను. ఆయన ఓపిగ్గా విని, “రాజ్యం ఎవరి చేతికెళ్ళినా నాకు ఫర్వాలేదురా. మన రాజ్యం రాజోలు కుర్రాడి చేతికెళ్ళే సంగతి చూడు,” అన్నారు. మగపెళ్ళివారు ఏమీ కోరలేదు. వధూవరుల్ని రాత్రి పెట్రోమాక్సు లైట్ల వెలుగులో ఊరేగించాలన్నారు, అంతే. లైట్లు నాలుగు దొరికాయి, వాటిలో పొయ్యడానికి చుక్క దొరకలేదు. కామేశం గారి పెద్దమ్మాయి పెళ్ళీ అదే ముహూర్తానికి కావడంతో ఆయనా కిరసనాయిలు కోసం జిల్లా గాలిస్తున్నారు. చివరికి అమలాపురంలో బాబాయి స్నేహితుడొకాయన ఒక డబ్బా దాచి ఉంచాడు.

“ఒరేయ్, అది డబ్బా కాదు, నా పరువు,” అని నన్ను పంపించారు బాబాయి. “దారిలో ఎవరడిగినా దించకు.”

పెళ్ళిరోజు తెల్లవారకముందే పరువుని సైకిలు వెనక కట్టుకుని అమలాపురంలో బయల్దేరాను. కొత్తపేట పొలిమేరకొచ్చేసరికి కాలువ మీద మంచు పొగలా కమ్ముకుని ఉంది. ఆ మంచులో రేవు దగ్గర పడవ. పడవలోంచి దిగుతున్నారు, ఒకరి వెనక ఒకరు, ఖాకీ కోట్లు, భుజాల మీద పట్టీలు, ఇత్తడి బొత్తాలు, నెత్తిన టోపీలు. చేతుల్లో గుడ్డ చుట్టిన పొడుగాటి సామగ్రి. ఒకడి భుజం మీద నోరు తెరుచుకున్న ఇత్తడి ఫిరంగి. గట్టు మీద నిలబడ్డ మీసాలాయన చేతిలో కర్ర ఊపుతూ, “లైన్లో దిగండి! లైన్లో!” అని అరుస్తున్నాడు.

నా సిద్ధాంతం నా కళ్ళముందే పడవ దిగుతోంది. దాన్ని చూసి గర్వపడాలో భయపడాలో తేల్చుకునేలోగా సైకిలు నన్ను తేల్చేసింది. దబ్బున పడ్డాను.

“అయ్యో! జాగ్రత్తండీ అబ్బాయిగారూ!” మీసాలాయన పరుగున వచ్చి లేపాడు.

ఆక్రమించుకోవడానికొచ్చిన సైన్యం ఇంత మర్యాదగా మాట్లాడుతుందా అని అనుమానం రాలేదా అంటారా? వచ్చింది. గోదావరి దాటి వచ్చింది కదా, దారిలో నేర్చుకుని ఉంటుందని సమాధానపడ్డాను.

“మేం ఎదిరించమండీ,” అన్నాను రెండు చేతులూ ఎత్తి.

“దేన్నండీ?”

“దేన్నీ ఎదిరించమండీ. ఇదుగోండి, ఊరందరికీ ఉన్న కిరసనాయిలిదే. ఇదీ మీదే, ప్రభుత్వమూ మీదే. ఊళ్ళో ఎవర్నీ ఏం చెయ్యకండి.”

ఆయన నన్నూ డబ్బానీ మార్చి మార్చి చూశాడు. “మీరు పెళ్ళివారి మనిషేనాండీ?”

మా ఇంట్లో పెళ్ళని కూడా తెలుసు! గూఢచారులు ఎంత శ్రద్ధగా పనిచేస్తున్నారో! “ఆయ్,” అన్నాను నీరసంగా.

“నూనెకి బాగా ఇబ్బంది పడుతున్నారని విన్నాం. సమయానికి తెచ్చేరు. మేం ఎవర్నేం చేస్తామండీ? ఈ పూటకి వాయించేసి పోతాం.”

ఎంత దారుణాన్ని ఎంత నెమ్మదిగా చెప్పాడు! డబ్బా వాళ్ళకి వదిలేసి, ఖాళీ సైకిలెక్కి హోటలు దాకా ఒకటే తొక్కుడు.

“వచ్చేశారు! మిలటరీ! రేవులో దిగింది!”

గవరయ్య ఈసారి ‘ఆయ్’ అనలేదు, గబగబా తలుపులు మూశాడు. ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. కాసేపటికి దాడి మొదలైంది. ముందు క్లారినెట్టు, తర్వాత డ్రమ్ము, ఆపైన ఫిరంగి కూడా పలికింది, భూపాల రాగంలో.

తలుపు తోసుకుని కామేశం గారొచ్చారు. నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నారు.

“అబ్బాయ్, రాజమండ్రి బ్యాండు మేళం వచ్చింది మా ఇంటికి. బస్సుల్లేక పడవలో వచ్చేరు. ఆ కోట్లు యుద్ధమయ్యాక వేలంలో కొన్నవిట. నువ్విచ్చేవంటూ డబ్బా తెచ్చేరు. చాలా థాంక్సు.”

“అది మాదండీ! రాజ్యం ఊరేగింపుకి! ఇప్పించెయ్యండి.”

“లొంగిపోయినవాడి సొత్తు తిరిగివ్వడం మిలటరీ రూల్సులో లేదే! పైగా మా లైట్లలో పోసేశాం.”

ఆ రాత్రి ఊరేగింపుకి బాబాయి కొబ్బరాకులు చుట్టి కాగడాలు కట్టించారు. వాటిని చూసి రాజోలు పెద్దలు, “ఇది ఊరేగింపా, దొంగల్ని వెతకడమా?” అన్నారు. పల్లకీలో రాజ్యం తల దించుకుని కూర్చుంది. అప్పుడే వీధి మలుపులో ఎనిమిది పెట్రోమాక్సులతో, బ్యాండుతో కామేశం గారి ఊరేగింపు వచ్చింది. ఆయన ఆగి, చేయి చాచి, వీధంతటికీ వినపడేలా పిలిచారు:

“రండి, రండి, మొహమాటపడకండి. మా వెలుగులో రండి!”

మా కిరసనాయిలు వెలుగులో, వాళ్ళ వెనకాల నడిచాం.

ఆ తర్వాత ఊళ్ళో నా పేరు జనరల్ గారు. ఏడాది తిరక్కుండా కామేశం గారే తన రెండో అమ్మాయిని నాకిస్తానని కబురు పంపారు. “ఇంత తెలివైనవాడికి ఎలా ఇస్తున్నారండీ?” అని ఎవరో అడిగితే, “ఇత్తడి బొత్తాం చూసే సర్వం అప్పగించినవాడు మా అమ్మాయికి ఎదురుచెబుతాడా?” అన్నారట.

పెళ్ళయింది. అలకపాన్పు ఎక్కాను. అడిగింది ఇస్తేగానీ అల్లుడు దిగకూడదు కదా.

“ఏం కావాలి జనరల్ గారూ? రేడియోనా, వాచీనా?” అన్నారు మామగారు.

“డబ్బాడు కిరసనాయిలు. రాజ్యం, మా బావగారు పెళ్ళికొచ్చే ఉన్నారు. వాళ్ళని ఎనిమిది లైట్లతో ఊరేగించాలి.”

మామగారి నవ్వు మొదటిసారి ఆరింది. అప్పుడు కూడా కొరతే. పాపం, పొద్దుటినుంచి సాయంత్రం దాకా కోనసీమంతా తిరిగి తెచ్చారు.

ఆ పాన్పు మీదే, ఇకమీదట చమురు కొరతొస్తే దీపం వత్తి తగ్గిస్తానే తప్ప ప్రభుత్వాన్ని దించనని, బ్యాండు మేళం సాక్షిగా ప్రమాణం చేశాను. నేటిదాకా తప్పలేదు. ఈ మధ్యలో ఎన్ని ప్రభుత్వాలు పడినా నా ప్రమేయం లేదని మనవి.

రాత్రి ఊరేగింపు బయల్దేరింది. ముందు పల్లకీలో తలెత్తుకుని రాజ్యం, పక్కన చేతికర్రతో మా బాబాయి, ఆ వెనక నేను. అందరికన్నా వెనక, చీకట్లో తడుముకుంటూ కామేశం గారు. నేను ఆగాను. వెనక్కి తిరిగి, చేయి చాచి, వీధంతటికీ వినపడేలా పిలిచాను:

“రండి మామయ్యగారూ, మొహమాటపడకండి. మా వెలుగులో రండి!”