దౌలత్ అబ్లా కుదిర్చిన రాజీ

అలెగ్జాండ్రియాలో ట్రాము పట్టాల వెనక ఉన్న ఆ ఏడంతస్తుల భవనంలో దౌలత్ అబ్లా మాటకు తిరుగులేదు. ముప్పై ఏళ్లు బడిలో భూగోళం చెప్పిన మనిషి, అందుకే అందరికీ 'అబ్లా', అంటే టీచరమ్మ. రిటైరయ్యాక ఫ్లాట్లవాళ్ల సంఘానికి పెద్దయింది. ఆవిడ పెద్దరికం చేసిన పన్నెండేళ్లలో అక్కడి నుంచి మునిసిపల్ ఆఫీసుకు ఒక్క ఫిర్యాదూ పోలేదు. ఆరో అంతస్తు తడిబట్టలు ఐదో అంతస్తు దుప్పట్ల మీద కారినా, బక్రీదుకు ముందు ఎవరో గొర్రెను మేడమీద కట్టేసి మెట్లన్నీ కంపు చేసినా, ఇరుపక్షాలనూ తన సోఫాలో కూలేసి టీ తాగించేది. తప్పు చేసినవాడి చేత రెండోవాడి నెత్తిన ముద్దు పెట్టించి పంపేది. ఆ సంగతి నలుగురికీ చెప్పుకుని మురిసిపోయేది. ఆ మురిపెమే కొంప ముంచింది.

కింది రెండు ఫ్లాట్లు కొన్న బహ్గత్ వాటిని కలిపేసి ఫర్నిచర్ షోరూం పెట్టాడు. వారం రోజులు చెవులు చిల్లులు పడే మోత. ఆ తర్వాత సరిగ్గా పైనున్న వగీహ్ ఇంట్లో వంటగది తలుపు మూసుకోవడం మానేసింది. వగీహ్ రేవులో క్రేన్లు నడిపినవాడు, బరువంటే ఏమిటో తెలిసినవాడు. కిందికి దిగి చూస్తే షోరూం నడిమధ్య ఉండాల్సిన పిల్లర్ లేదు. మర్నాడే ఫిర్యాదు ఇచ్చి వచ్చాడు.

దౌలత్‌కు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే ఇద్దరినీ పిలిపించింది.

"ఇంజినీరుకు చూపించే తీయించానబ్లా. అది ఉత్తి అలంకారానికి పెట్టింది," అన్నాడు బహ్గత్.

"అలంకారమా? ఏడంతస్తుల మేడకు ముక్కుపుడక పెట్టారనుకున్నావురా? నా తలుపు పడట్లేదు!" అని వగీహ్ లేచాడు.

"తలుపేగా బాబాయ్! రేపే వడ్రంగిని పంపి చెక్కిస్తాను, సరేనా?"

ఏ ఇంజినీరు అని దౌలత్ అడగలేదు. అడిగితే రాజీ చెడుతుంది.

"వగీహ్, ఆఫీసువాళ్లు ఒకసారి గడప తొక్కితే ఊరుకుంటారా? అందరూ ముందుకు పెంచుకున్న బాల్కనీలూ కొలుస్తారు. పక్కింటివాడి మీద కాగితం పెట్టి మనం ఎక్కడ తలెత్తుకుంటాం చెప్పు?"

"మీ మొహం చూసి వెనక్కి తీసుకుంటున్నా అబ్లా," అన్నాడు వగీహ్. " వాడి మొహం చూసి కాదు."

బహ్గత్ వంగి ఆయన నెత్తిన ముద్దు పెట్టాడు. ముగ్గురూ అరచేతులు చాచి, మాట ఖాయమైనట్టు ఖురాన్ తొలి అధ్యాయం ఫాతిహా చదివారు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు దౌలత్ తన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. వగీహ్ సంతకం చేశాడు.

పద్దెనిమిది రోజులకు, మంగళవారం పొద్దున పదకొండింటికి భవనం ముందు సగం కూలిపోయింది. దౌలత్ రొట్టెల కొట్టు ముందు వరసలో నిలబడి ఉంది. వగీహ్ మందుల షాపుకు వెళ్లాడు. ఆయన భార్య ఇహ్సాన్ వంటగదిలో ఉంది. మర్నాటి మధ్యాహ్నానికి గానీ ఆమెను బయటికి తీయలేకపోయారు. మొత్తం ఐదుగురు పోయారు.

బహ్గత్‌ను అరెస్టు చేశారు. మూడో వారంలో వాళ్లన్న, దౌలత్ తలదాచుకుంటున్న చెల్లెలింటికి వచ్చాడు. "దేవుడి రాతబ్లా, ఎవరేం చేస్తాం? వగీహ్ రాజీకొస్తే మిగతావాళ్లూ వస్తారు. మీ మాట ఆయన కాదనడు," అని, కేసు వద్దని రాసి ఉన్న ఒక కాగితం చేతిలో పెట్టాడు.

చించి మొహాన కొట్టాల్సింది. కొట్టలేదు. పన్నెండేళ్ల అలవాటు ఆవిడను లేపి, చెప్పులు తొడిగించి, వగీహ్ ఉంటున్న బంధువులింటికి నడిపించింది.

వగీహ్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసి మనిషి సగమయ్యాడు. ఆవిడ నోరు తెరవకముందే అడిగాడు.

"వాళ్లు పంపారా?"

తలూపింది.

"కాగితం ఇటివ్వండి. మీరు సంతకం పెట్టమంటే పెడతానబ్లా. పెట్టమంటారా?"

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడుగుతున్నాడు. ఎత్తిపొడుపే ఉంటే తట్టుకునేదేమో, అది లేకపోయేసరికి దౌలత్ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో దాచేసుకుంది.

"వద్దు వగీహ్. పెట్టకు. నేను ప్రాసిక్యూటర్ దగ్గరికి పోతున్నా. ఆ రోజు ఆ కాగితం రాసింది నేనేనని చెప్తా. నిన్ను ఒప్పించిందీ నేనేనని చెప్తా."

వగీహ్ ఆవిడ వంక తేరిపార చూశాడు.

"ఈ 'వద్దు' ఏదో ఆ రోజే బహ్గత్‌తో అనుంటే ఇహ్సాన్ ఉండేదబ్లా," అన్నాడు.