ట్యూబులైటు కింద దానిమ్మ రంగు

సుల్తాన్ బజార్‌లో జాకెట్టు గుడ్డల దుకాణాలు బోలెడున్నాయి గానీ, చీర పట్టుకొని వచ్చిన ఆడవాళ్లు "రంగు చూసే అక్క ఉన్నదా?" అని అడిగేది శ్రీరామమూర్తి దుకాణంలోనే. ఆ అక్క పేరు చంద్రిక. ఆమెకో పద్ధతి ఉండేది. ఎంత రద్దీ ఉన్నా చీరనూ గుడ్డనూ చంకలో పెట్టుకొని మెట్లు దిగుతుంది, తోపుడు బండ్ల మధ్య నిలబడి రెంటినీ ఎండలో పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఆ పద్ధతి నేర్పింది భర్త రాజేందర్. గౌలిగూడలో బస్సులకు రంగులు వేసేవాడు. "ట్యూబులైటు అబద్ధాలకోరు. రంగును ఎండల చూడాలె" అనేవాడు.

రాజేందర్ పోయాక చంద్రికకు నిద్ర దూరమైంది. ఏడుపూ రాలేదు. చుట్టాలు వచ్చి గుండెలు బాదుకుంటుంటే ఈమె వాళ్లకు చాయ్ పెట్టింది. రాత్రంతా పైకప్పు చూస్తూ పడుకునే తల్లిని చూడలేక, కూతురు స్నేహ ఫోన్లో ఒక ఆట ఎక్కించి ఇచ్చింది. ఒకే రంగు మిఠాయిలు మూడు వరుసలో చేరిస్తే పేలిపోతాయి, పైనుంచి ఇంకొన్ని జారిపడతాయి.

"జర ఆడి చూడమ్మా, మనసు మళ్లుతది" అన్నది స్నేహ.

మళ్లింది మరి! ఆ ఆటే లేకపోతే ఆ రోజులు ఎట్లా గట్టెక్కేదో దేవుడికే తెలియాలి. కానీ మోతాదు మించితే మందే రోగమవుతుంది. ఏడుపు గొంతుదాకా వచ్చిన ప్రతిసారీ చంద్రిక ఫోన్ తీసేది, ఏడుపు వచ్చిన దారినే వెనక్కి పోయేది. మెట్రోలో ఆట, అన్నం తింటూ ఆట, ఆఖరికి దుకాణంలో గుడ్డ చుట్టలు, అదే థాన్ల చాటున కూడా ఆటే.

నాంపల్లి నుంచి పోశవ్వ తన కూతురు రశ్మి పెళ్లిచీర తెచ్చిన రోజున, చంద్రిక ఎన్నాళ్లుగానో దాటలేకపోతున్న లెవెల్ మీద ఉంది. ఇంకొక్క ఎత్తు పడితే గెలుపే. చీర అంచు దానిమ్మ గింజ రంగు. ఒక కన్ను చీర మీద, ఒక కన్ను ఫోన్ మీద పెట్టి, థాను లాగి, ట్యూబులైటు కిందే అంచుకు ఆనించి కోసిచ్చేసింది. మెట్లు దిగలేదు.

పెళ్లి రెండు రోజులుందనగా పోశవ్వ వచ్చి మెట్ల దగ్గరే అందుకుంది.

"ఏందమ్మా గిది? కుట్టించినంక ఎండల చూస్తే వంగపండు లెక్కున్నది! నా బిడ్డ పొద్దటి సంది ఒక్కతీర్గ ఏడుస్తున్నది. పెండ్లిపిల్లను గిట్ల ఏడిపిస్తరా ఎవరన్న?"

శ్రీరామమూర్తి చంద్రిక చెవిలో గొణిగాడు. "ఇస్త్రీకి రంగు మారిందని చెప్పెయ్. దర్జీ మీదికి తొయ్యి."

బజారులో పాత మంత్రమే అది. వేస్తే చంద్రిక పేరు నిలుస్తుంది, ఇన్నేళ్లూ ఆమె సంపాదించుకున్నది ఆ పేరొక్కటే. ఆమె జాకెట్టూ చీరా తీసుకొని మెట్లు దిగింది. ఎండలో పెట్టి చూసింది. ఛీ, కళ్లున్న మనిషి చేసే పనేనా! ఆటలో ప్రాణాలు అయిపోతే కాసేపు ఆగితే మళ్లీ వస్తాయి. పిల్ల ముహూర్తం అట్లా మళ్లీ వస్తుందా?

"దర్జీ తప్పేం లేదక్కా" అన్నది. "ఫోన్ల ఆట ఆడుకుంట నేనే బయటికొచ్చి చూడలే. ఈ చీర జర నాకియ్యి. రేపు పొద్దుగాల గిదే రంగు తెస్త. తేకపోతే మళ్ల ఈ మెట్లెక్క."

తెల్ల పట్టుగుడ్డ ఒకటి పట్టుకొని ఆబిడ్స్ సందులో రంగులద్దే అంజన్ దగ్గరికి ఉరికింది. అతను ముంచి ఆరబెట్టడం, ఈమె ఎండలో అంచు పక్కన పెట్టి "కాలే, ఇంక జర ఎరుపు" అనడం.

"అక్కా, మా అత్త కూడ నన్ను గింత సతాయించలే!" అన్నాడు అంజన్.

సంచిలో ఫోన్ టింగుటింగుమని ఆటకు పిలుస్తూనే ఉంది. చెయ్యి దురద పెట్టింది, అబద్ధమెందుకు? కానీ పొద్దు వాలుతోంది, ఎండ పోతే రంగు చిక్కదు. చంద్రిక సంచిని అవతలికి నెట్టేసింది. ఎండ గోడలెక్కే వేళకు గుడ్డ అంచులో కలిసిపోయింది.

తెల్లారి నాంపల్లిలో, పందిరి పక్కన ఎండ పడే చోట, పోశవ్వ ఆ గుడ్డను అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ఔ, గిదే!" అన్నది పోశవ్వ.

రశ్మి గుడ్డ లాక్కొని దర్జీ దగ్గరికి పరుగెత్తింది. పోశవ్వ చుట్టూ చూసి, గొంతు తగ్గించి, కొంగు చాటు నుంచి తన ఫోన్ తీసింది.

"చెల్లె, గీ మిఠాయిల ఆటల చాక్లెట్ గోడ ఎట్ల పగలగొట్టుడు? పెండ్లి పనులల్ల గూడ గిదే ఫికరైంది నాకు."

చంద్రిక పగలబడి నవ్వింది. "నన్ను గంతగనం తిట్టి నువ్వు గూడనా! ముందు పిల్ల పెండ్లి కానియ్యి. ఆ రోజు ఫోన్ బియ్యం డబ్బల వెట్టు."

"నువ్వు గూడ ఫోన్ ఇంట్ల వెట్టి పెండ్లికి రా మరి. రాకుంటే ఊకోను!"

ఇద్దరూ మాట నిలబెట్టుకున్నారు. అప్పగింతల వేళ రశ్మి ఆ దానిమ్మ రంగు జాకెట్టులో తల్లి మెడను కావలించుకొని భోరుమంది. చూస్తున్న చంద్రికకు ఏడుపు ముంచుకొచ్చింది. అలవాటుగా చెయ్యి సంచిలోకి పోయింది. ఫోన్ లేదు. ఇంకెక్కడికి పోతుంది ఆ ఏడుపు? రాజేందర్ పోయినప్పటి నుంచి ఆగి ఉన్నదంతా కట్ట తెగినట్టు బయటికొచ్చింది. పోశవ్వ ఒక చేత్తో కూతురిని, ఇంకో చేత్తో ఈమెను పట్టుకున్నది. ఎందుకని అడగలేదు. అప్పగింతల్లో ఏడ్చేవాళ్లను ఎందుకని ఎవరడుగుతారు?

ఆట మానేసిందా అంటే, లేదు. మెట్రోలో ఇప్పటికీ ఆడుతుంది, పోశవ్వను దాటాలని మరీ పట్టుదలగా. దుకాణంలో మాత్రం ఫోన్ శ్రీరామమూర్తి గల్లాపెట్టెలో ఉంటుంది, చీరలు ఎండలోకి వస్తాయి.

రశ్మి పెళ్లి జరిగిన ఆ రోజు సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన స్నేహకు, గూట్లో తల్లి ఫోన్ మోగుతూ కనిపించింది. తల్లి కింద చాప మీద, కట్టుకున్న పట్టుచీర అయినా మార్చుకోకుండా, గురకపెట్టి నిద్రపోతోంది. స్నేహ ఫోన్ చప్పుడు ఆపేసి, తల్లి పక్కన మెల్లగా కూర్చుంది.