పర్లేదంటున్నాడు

పోయిన నెల క్లబ్బు వాళ్ళు వాట్సాప్‌లో ఒక పాత ఫోటో పెట్టారు. కింద ‘ఎవరూ ఊహించని మా గొప్ప సీజన్’ అని జర్మన్‌లో ఒక వాక్యం, పక్కన మూడు చప్పట్ల బొమ్మలు. ఫోటో మధ్యలో మేం ముగ్గురం ఉన్నాం. నా మొహం మతాబాలా వెలుగుతోంది. పక్కనున్న కాకినాడ వాడు ఎడమచేత్తో కుడి మోచేతిని పట్టుకుని నిలబడ్డాడు. చూసినవాళ్ళంతా అది వాడి స్టైలనుకుని ఉంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఫోన్‌ని సోఫా మీదకి విసిరికొట్టాను. ఏమైందని మా ఆవిడ అడిగితే ఏం కాలేదన్నాను. ఏం కాలేదని చెప్పడంలో నాకు పాత అనుభవం ఉంది.

అప్పుడు నేను జర్మనీలోని కాట్‌బస్‌లో మాస్టర్స్ రెండో ఏడు చదువుతున్నాను. క్లాసులో మూడు బెంచీలకొక తెలుగువాడు తగిలే రోజులు. ఇంతమందిమి ఉన్నా క్రికెట్ ఆడదామంటే చోటు లేదు. పార్కులో ఆడితే టెన్నిస్ బంతిని ఎవరి కుక్కో ఎత్తుకుపోయేది. అలాంటప్పుడు యూనివర్సిటీ క్యాంటీన్‌లో ఒక కాగితం అంటించి ఉంది. రైల్లో అరగంట దూరంలో ఉన్న చిన్న ఊళ్ళో బేస్‌బాల్ క్లబ్బుకి మనుషులు కావాలట, అనుభవం అక్కర్లేదట. ముగ్గురం వెళ్ళాం.

నాది కరీంనగర్. బౌలింగ్ వేస్తే నా మోచెయ్యి వంగుతుందని బడిలోనే నా మీద ‘బట్టా’ ముద్ర పడింది. అంటే బౌలింగ్ పేరు చెప్పి బంతిని రాయి విసిరినట్టు విసిరేవాడని. ఆ ముద్ర పడ్డాక ఏ టీమ్‌లోనూ నా చేతికి బంతి ఇవ్వలేదు. మోచెయ్యి వంచి విసరడమే ఆట అయిన చోటు భూమ్మీద ఒకటుందని తెలిసేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. రెండోవాడు నా రూమ్మేట్, కాకినాడ వాడు. అసలైన ఫాస్ట్ బౌలర్ అంటే వాడే. టెన్నిస్ బాల్ టోర్నమెంట్లకి తుని నుంచి అమలాపురం దాకా వాణ్ణి బండ్ల మీద ఎక్కించుకుపోయేవారట. చదువు గురించి అడిగితే రెండు ముక్కలు చెప్పేవాడు, బౌలింగ్ గురించి అడిగితే గంట చెప్పేవాడు. వాడికి ఈ ప్రపంచంలో గర్వం ఉన్నదల్లా ఆ కుడి భుజం ఒక్కటే. మూడో మనిషి హైదరాబాదు నుంచి వచ్చిన సీనియర్, మా ఇద్దరికీ భాయ్.

కోచ్ రిటైరైన డ్రిల్లు మాస్టారు. తూర్పు జర్మనీ రోజుల్లో బడిలో ఇంగ్లీషుకి బదులు రష్యన్ నేర్చుకున్న తరం. కాకినాడ వాడి జర్మన్ నమస్కారం దగ్గర మొదలై వీడ్కోలు దగ్గర అయిపోయేది. భాయ్‌కి షాపింగుకి సరిపడా వచ్చు. నేను పరీక్షలు పాసైనవాణ్ణి కాబట్టి దుబాసీ పని నా నెత్తిన పడింది. నెత్తిన పడిందేమిటి, నేనే ఎగిరి అందుకున్నాను.

మొదటి మ్యాచ్‌లోనే మా పరువు పోయింది. నేను బంతిని కొట్టి బ్యాట్ చేత్తో పట్టుకునే పరుగెత్తాను. క్రికెట్‌లో అంతే కదా. ఇక్కడ బ్యాట్ అక్కడే పడేసి పరుగెత్తాలట. బేస్ దగ్గరికి చేరాక ఆ బ్యాట్ చాచి నేలకి తాటించాను కూడా. అవతలి జట్టు వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. కోచ్ నవ్వలేదు. "మీకు ఆట రాదు. కానీ చేతులున్నాయి. వెళ్ళి అక్కడ కూర్చోండి" అని కంచె వైపు చూపించాడు.

అక్కడ అంటే బుల్‌పెన్. బేస్‌బాల్‌లో మొదట విసిరేవాడు అలిసిపోయాక చివరి రెండు మూడు ఇన్నింగ్సులు వేరేవాళ్ళు విసురుతారు. ఒకసారి దిగిపోయినవాడు మళ్ళీ ఎక్కడానికి లేదు. తమ వంతు వచ్చేదాకా ఆ వేరేవాళ్ళు కూర్చునే చోటు అది. మేం దాన్ని బందెలదొడ్డి అనేవాళ్ళం. ఒక బెంచీ, ఒక చెత్తబుట్ట, వానొస్తే నెత్తిన ఏమీ లేదు. ఊరిమీద పడ్డ పశువుల్ని కట్టేసినట్టే కట్టేశారని నేను ప్రతి ఆదివారం తిట్టుకునేవాణ్ణి.

దొడ్డిలోవాళ్ళు పనికొస్తారని ఎవరూ అనుకోలేదు. నిజం చెప్పాలంటే మేమూ అనుకోలేదు. కానీ మే నెల నుంచి మ్యాచ్ వెనక మ్యాచ్ క్లబ్బు మా చేతుల మీదే నెగ్గింది. మొదట విసిరే వాడొక ఇన్సూరెన్సు ఉద్యోగి. నాలుగో ఇన్నింగ్సుకల్లా నాలుక బయటపెట్టేవాడు. భాయ్ వెళ్ళి మెల్లగా తిప్పి తిప్పి విసిరి కాస్త సర్దేవాడు. తర్వాత నేను. ఆఖర్న కాకినాడ వాడు. వాడు బంతి విసిరే మట్టిదిబ్బ ఎక్కితే అవతలివాళ్ళ నవ్వులు ఆగిపోయేవి. బంతి వచ్చిన చప్పుడే తప్ప బంతి కనపడేది కాదు. ఊళ్ళో ముసలమ్మలు మాకోసం కేకులు చేసి తెచ్చేవారు. ఊరి పేపర్లో మాత్రం ఇన్సూరెన్సు వాడి ఫోటో వేసి, చివర్న ‘ముగ్గురు ఇండియన్లు కూడా సాయపడ్డారు’ అని రాశారు. కూడా అట! ఆ ‘కూడా’ మీద నేను వారం రోజులు మండిపడ్డాను.

"ఛోడ్ దే రా, ఆ పేపర్ సదివేటోళ్ళు పది మంది, అండ్ల తొమ్మిది మంది గా ఇన్సూరెన్సోని చుట్టాలే" అన్నాడు భాయ్.

కోచ్‌కి ఒక పద్ధతి ఉండేది. అనుమానం వస్తే దిబ్బ దగ్గరికి నడుచుకుంటూ వచ్చి, "చెయ్యెలా ఉంది?" అని అడుగుతాడు. బాగుందంటే వెనక్కి వెళ్ళిపోతాడు. నొప్పంటే ఇంకొకణ్ణి పిలుస్తాడు. చెప్పిన మాటే ఆయనకి లెక్క. మొహం చూసి ఊహించడం, మాట వెనక మాట వెతకడం ఆయనకి తెలీదు.

మన దగ్గర అలా కాదు. ఓవర్ మధ్యలో బౌలర్ తనంతట తాను కెప్టెన్‌కి బంతి తిరిగిచ్చాడంటే చచ్చినంత పని. కాలు బెణికినా "నేనేస్తా అన్నా" అనే అనాలి. కెప్టెనే కనిపెట్టి బంతి లాక్కోవాలి. లాక్కునేటప్పుడు మనం కాస్త గింజుకోవాలి కూడా. బౌలర్ మాట నమ్మకపోవడమే మన కెప్టెన్ పని. కోచ్‌కి మన పద్ధతి తెలీదు, కాకినాడ వాడికి కోచ్ పద్ధతి తెలీదు. నాకు రెండూ తెలుసు.

జూలైలో వాడి భుజం నొప్పి మొదలైంది. వారమంతా గోడౌన్‌లో పార్సిళ్ళు ఎత్తేవాడు, ఆదివారం వచ్చి ఉన్న బలమంతా పెట్టి విసిరేవాడు. తిరుగు రైల్లో మాట్లాడకుండా కూర్చుని బామ్ రుద్దుకునేవాడు. బోగీ అంతా ఆ వాసనే.

"డాక్టర్ తాన్కి పో మియా. చెయ్యేమన్న కిరాయికి తెచ్చుకున్నవా?" అని భాయ్ కసిరాడు.

ఎముకల డాక్టరుకి టెర్మిన్ కోసం, అంటే అపాయింట్‌మెంట్ కోసం, నేనే ఫోన్ చేశాను. వాడు పక్కనే నిలబడ్డాడు. "టెర్మిన్ దొరికిందా?"

"దొరికింది. అయిదు వారాల తర్వాత. ఆఖరి మ్యాచ్ అయినంక వచ్చే గురువారం."

"అయితే మ్యాచ్ ఆడెయ్యొచ్చు" అన్నాడు సంతోషంగా.

ఈలోపు కోచ్ రెండు మ్యాచ్‌లలో దిబ్బ దగ్గరికి వచ్చి అడిగాడు. రెండుసార్లూ వాడు పర్లేదన్నాడు, నేను అదే చెప్పాను. అక్కడిదాకా నా తప్పేం లేదనే అనుకుంటాను.

ఆఖరి మ్యాచ్ గెలిస్తే పై లీగ్‌కి వెళ్తాం. చివరి ఇన్నింగ్సులో మేం ఒక్క పరుగు ముందున్నాం. ఒక్కణ్ణి ఔట్ చేస్తే అయిపోతుంది. కానీ మూడు బేసుల మీదా వాళ్ళ మనుషులున్నారు, ఒక్క గట్టి దెబ్బ పడితే ఓడిపోతాం. భాయ్ ముందే విసిరి దిగిపోయాడు. ఆరోజు కోచ్ నాకన్నా ముందు కాకినాడ వాణ్ణే పంపాడు. దిబ్బ మీద కాకినాడ వాడు, దొడ్డిలో నేనొక్కణ్ణే. వాడి బంతి వేగం తగ్గిందని నాకు అంత దూరం నుంచి కూడా తెలుస్తోంది. చెయ్యి పైనుంచి రావడం మానేసి పక్కనుంచి వస్తోంది. అప్పుడు బ్యాట్ పట్టుకుని వచ్చినవాడు తాటిచెట్టంత మనిషి. జూన్‌లో నా బంతిని రైలు పట్టాల అవతల పారేసింది వాడే. ఆ బంతి ఇప్పటికీ దొరకలేదని నన్ను క్లబ్బులో అందరూ ఆటపట్టించేవారు.

కోచ్ దిబ్బ దగ్గరికి నడిచి, నన్ను రమ్మని చెయ్యి ఊపాడు. పరుగెత్తాను.

"చెయ్యి పైకి లేవట్లేదురా. లోపలేదో పట్టేసి లాగేస్తోంది" అన్నాడు కాకినాడ వాడు. తర్వాత ఆ తాటిచెట్టు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "పర్లేదని చెప్పెయ్యి."

"ఏమంటున్నాడు?" అన్నాడు కోచ్.

"పర్లేదంటున్నాడు."

"నిజంగానా?"

"నిజంగా."

"నువ్వు సిద్ధంగానే ఉన్నావు. మార్చనా?"

"వద్దు. వాడు బాగున్నాడు" అన్నాను. ఇది వాడు చెప్పిన మాట కూడా కాదు. నా సొంత కవిత్వం.

వాడు మూడు బంతులు విసిరాడు. తాటిచెట్టు మూడుసార్లూ గాలిని కొట్టి ఔటయ్యాడు. అందరూ కేకలేస్తూ కాకినాడ వాడి మీద పడ్డారు. ఇన్సూరెన్సు వాడు వాడి కుడిచెయ్యి పట్టి జెండా ఎత్తినట్టు పైకెత్తాడు. వాడు అరిచాడు. అది గెలిచినవాడి అరుపు కాదని ఆ గుంపులో తెలిసింది నాకూ భాయ్‌కీ మాత్రమే. ఆ ఫోటో దిగింది అయిదు నిమిషాల తర్వాత.

భుజంలో నరం తెగిందన్నాడు డాక్టరు. ఆపరేషన్ చేసినా రోజువారీ పనులకే, విసరడం మాత్రం మర్చిపొమ్మన్నాడు. ఆ మాట జర్మన్ నుంచి తెలుగులోకి చెప్పింది నేనే. ఆసారి ఒక్క ముక్క కూడా మార్చలేదు. వాడు "బౌలింగ్ కూడానా?" అని అడిగించాడు. బౌలింగ్ అంటే ఏమిటో ఆ డాక్టరుకి చేతులు తిప్పి చూపించాల్సి వచ్చింది. చూశాక ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఆ వారమే ప్రాక్టీసు మధ్యలో వెళ్ళి కోచ్ మీద పడ్డాను. "వాడి చెయ్యి నాశనం చేశారు. చూస్తే తెలీలేదా? మీకు కళ్ళు లేవా?" అని గ్రౌండ్ అంతా వినపడేలా అరిచాను. ఆయన మొహం ఎర్రబడింది కానీ గొంతు లేవలేదు.

"నిన్ను మూడుసార్లు అడిగాను. నొప్పి అతనిది. అతని భాష నాకు రాదు, నీకు వచ్చు" అన్నాడు.

నేను గేటుని తన్ని వచ్చేశాను. ఆ తర్వాత కలిసినవాడికల్లా కోచే వాడి చెయ్యి విరిచాడని చెప్పాను. తెల్లవాడు మనవాణ్ణి గొడ్డులా వాడుకున్నాడంటే నమ్మనివాడెవడు? అందరూ అయ్యో అన్నారు, గ్రూపుల్లో పోస్టులు పెట్టారు. నాకు బలం వచ్చింది. భాయ్ ఒక్కడే నన్ను పక్కకి పిలిచి, "కోచ్‌కు నువ్వేం జెప్పినవ్ రా?" అని అడిగాడు. నువ్వెవరు నన్నడగడానికని ఆయన మీదా లేచాను. రెండు నెలలు ఆయనతో మాట్లాడలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ రెండు నెలలకీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంక ఆగలేకపోయాను. అప్పటికి కాకినాడ వాడికి ఆపరేషన్ అయి కట్టు విప్పారు. హాస్టల్ కిచెన్‌లో వాడు కుడిచేత్తో ఉల్లిపాయని అదిమిపట్టి, ఎడమచేత్తో కోస్తున్నాడు. ముక్కలు బండగా, ఒకటి పెద్ద ఒకటి చిన్న. నేను తలుపు దగ్గరే నిలబడి అంతా చెప్పేశాను. వాడి చెయ్యి పోయిందని నాకు ఆ క్షణమే తెలుసని చెప్పాను. వాడు దిగిపోతే నేనే ఎక్కాలని, ఆ తాటిచెట్టుకి ఎదురు నిలబడే దమ్ము నాకు లేదని, వద్దన్నది నా భయమని చెప్పాను. తిడతాడేమోనని చూశాను. తిట్టాలనే కోరుకున్నాను.

వాడు కత్తి ఆపలేదు. "తెలుసురా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నువ్వు దొడ్డిలోంచి వచ్చేటప్పటికే నీ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆడు మళ్ళీ నీ బంతిని పట్టాల అవతల పారేత్తే నువ్వు ఏడాదంతా కుమిలి చత్తావు. నీ సంగతి నాకు తెలీదేంటి? అందుకే కదా పర్లేదని చెప్పమన్నాను."

కోచ్ మీద రానంత కోపం, పేపరు వాళ్ళ మీద రానంత కోపం, ఆ క్షణం నాకు వాడి మీద వచ్చింది. నా పిరికితనానికి నేను పడాల్సిన సిగ్గుని కూడా వాడే ముందుగా మోసేశాడు.

"నిన్నెవడు చెయ్యమన్నాడ్రా? ఎవడడిగాడు నిన్ను?" అని అరిచాను.

"నన్నెవడూ అడగలేదు" అన్నాడు వాడు. "కోచ్ అడిగింది నిన్ను."

తర్వాత కత్తీ పళ్ళెం నా వైపు తోశాడు. "ఇంద, మిగతావి నువ్వు కొయ్యి. నా చెయ్యి నొప్పెడుతోంది."