తలలో మిగిలిన సూది

మొన్న శుక్రవారం పొద్దున పూజ ముగించి లేస్తుంటే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, డాక్టరమ్మ పోయింది. నిద్రలనే పోయిందంట." నేను మళ్లీ దేవుడి ముందే కూర్చున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సులు ఆగే రోడ్డు వెనక గల్లీలో, చెప్పుల దుకాణం పైన రెండు గదుల్లో ఆమె చాలా ఏళ్లు చైనా వైద్యం చేశారు. బోర్డు మీద ఆక్యుపంక్చర్ అని ఉండేది. మా అందరికీ మాత్రం సూదుల డాక్టరమ్మ. కృష్ణా జిల్లా మనిషి. వయసులో ఉన్నప్పుడు కలకత్తాలో ఒక చైనా వైద్యుడి దగ్గర నేర్చుకున్నారట.

ముందుగా ఏమీ అడిగేవారు కాదు. రెండు చేతుల నాడీ మూడేసి వేళ్లతో పట్టి చూసేవారు. తర్వాత నాలుక చూపించమనేవారు. "మాట్లాడనంతసేపూ నాలుక అబద్ధం ఆడదు" అని నవ్వేవారు. కీళ్ల నొప్పులవాళ్లకు ఎండిన ఆకును చుట్టలా చుట్టి, అంటించి, చర్మానికి తగలకుండా సెగ పట్టేవారు. ఆ వాసన నాకు మొదటిరోజే తెలిసింది. వినాయకుడి పత్రిలో పెట్టే మాచిపత్రి. కింద దుకాణం అతను రోజూ అరిచేవాడు.

"అమ్మా, మల్ల చుట్ట ముట్టిచ్చినవా? గిరాకీ దగ్గుతున్నది!"

"దగ్గుకీ వైద్యం ఉంది, పైకి పంపించు!" అని ఆమె కిటికీలోంచి జవాబిచ్చేవారు.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపు మీద ఉన్న రోజుల్లో మా తమ్ముడికి పొద్దున లేచేసరికి మూతి వంకరపోయింది. ఎడమ కన్ను మూసుకోదు. నీళ్లు తాగితే పక్కనుంచి కారిపోతాయి. మా గల్లీవాళ్ల ఊరేగింపుల్లో నినాదం అందుకునేది వాడే. ఆ గొంతు పోయిందని గోడవైపు తిరిగి పడుకున్నాడు. దవాఖానలో ఇచ్చిన మాత్రలు అయిపోయాక ఎవరో డాక్టరమ్మ సంగతి చెప్పారు.

"ఆంధ్రామె సూదులు నాకెందుకక్కా?" అన్నాడు. అమ్మా నాన్నా లేని ఇంట్లో పెద్దదాన్ని. లేచి చెప్పులు వేసుకోమన్నాను. వేసుకున్నాడు.

ఆమె నాడి పట్టి, "ఉద్యమంలో తిరుగుతున్నావు కదూ?" అన్నారు.

"నాడిల గది గూడ తెలుస్తదా?"

"లేదు బాబూ. జేబులోంచి కండువా కనబడుతోంది."

ఆ వంకర మూతితోనే వాడు నవ్వాడు. నెల రోజులకు అదే మొదటిసారి.

సూదులు ఉంచినంతసేపు నేను మూలన కూర్చొని జపం చేసుకునేదాన్ని. రెండు మాలలు తిరిగేసరికి ఆమె వచ్చి సూదులు తీసేవారు. "మీ జపమే నా గడియారం" అనేవారు. ఎన్ని పెట్టిందీ చీటీ మీద రాసి, తీసినప్పుడు స్టీలు గిన్నెలో వేసి లెక్క చూసేవారు.

అలా వెళ్తుండగా ఒక రోజు బంద్ వచ్చింది. ఎల్బీనగర్ చౌరస్తాలో నిరసనగా రోడ్డు మీదే వంటా వార్పూ పెట్టారు. నాకు ఒక మాల కూడా పూర్తి కాలేదు. కింద గోల మొదలైంది. "బంద్ జేయున్రి! షట్టర్ దించున్రి!" లోపల నలుగురు రోగులున్నారు. ఆమె ఒక్కొక్కరి దగ్గరికీ గబగబా వెళ్లి తీస్తున్నారు. "జల్ది తీయమ్మా, మావోళ్లు నాకోసమే ఆగిన్రు" అని తమ్ముడు తొందరపెట్టాడు. లేచి చౌరస్తాకు పరుగెత్తాడు.

నేను మెట్ల దగ్గర ఉండగా ఆమె పిలిచారు. చేతిలో వాడి చీటీ. పదకొండు. గిన్నెలో పది. ఆమె మళ్లీ లెక్కపెట్టారు. పదే.

"నడినెత్తిన పెట్టింది. జుట్టులో కనబడలేదు. ఆ తోపులాటలో తలకు లాఠీ తగిలితే..." అంటూ దూది అందుకున్నారు.

ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు.

"నేను పోయి తీసుకొస్తనమ్మా. మీరు రాకున్రి."

"పెట్టింది నేను. తీయాల్సింది కూడా నేనే."

బస్సుల్లేవు, ఆటోల్లేవు. చైతన్యపురి, కొత్తపేట దాటి నడిచాం. ఆమెకు అప్పటికే మోకాళ్ల నొప్పులు. చేతిలో దూదీ స్పిరిట్ సీసా. దారంతా నేను దేవుణ్ణి రెండు కోరాను, తమ్ముడి తల బాగుండాలని, ఈమె అక్కడ ఆంధ్రా యాసతో నోరు తెరవకూడదని. "మీరు మాట్లాడకున్రి, నేను చెప్త" అన్నాను కూడా.

చౌరస్తాలో జనం. ముందుకు పోలేకపోయాం. నేను నోరు తెరిచేలోపే ఆమే గట్టిగా అన్నారు: "ఏవండీ, కాస్త దారి ఇవ్వండి!"

ఆ యాసకు నలుగురూ తిరిగారు.

"ఎవలమ్మా నువ్వు? ఏడికెల్లి?" అన్నాడొకతను.

"మాది కృష్ణా జిల్లా. దిల్‌సుఖ్‌నగర్‌లో సూదుల వైద్యం చేస్తాను. మీవాడి తలలో సూది మర్చిపోయాను. తప్పు నాది. తీసేసి వెళ్లిపోతాను."

నేను ఆమె ముందుకు జరిగాను. అంతలో వెనకనుంచి ఎవరో, "ఓ అన్నా! నీ తలకాయల సూదున్నదంటనే!" అని అరిచారు. జనం గొల్లుమన్నారు. తమ్ముడు చెయ్యి తలమీదికి పోనిచ్చాడు.

"ముట్టుకోకు!" అన్నారామె. అంత గట్టిగా ఆమె అరవగా నేను ఎప్పుడూ వినలేదు.

వాడు పొయ్యి పక్కనే కూర్చొని తల వంచాడు. ఆమె పాయలు తీసి వెతికి, సూది లాగి, దూదితో అదిమి, వాడి కళ్ల ముందు పెట్టారు. "పదకొండు. చూసుకో బాబూ."

"గీ ఒక్క సూది కోసం గింత దూరం నడిసొచ్చిన్రా అమ్మా?" అన్నాడు వాడు. ఆమె మోకాళ్లు పట్టుకుని అక్కడే కూలబడ్డారు.

మరో రెండు నెలలకు వాడి ముఖం సర్దుకుంది. అలిసిపోతే ఎడమ రెప్ప ఇప్పటికీ కొంచెం ఆలస్యంగా పడుతుంది. రాష్ట్రం వచ్చింది. ఆమె ఎటూ పోలేదు. మెట్లు ఎక్కలేని రోజు వచ్చేదాకా ఆ గదుల్లోనే ఉన్నారు. శనివారం తమ్ముడు పాడె మోశాడు. ఎవరూ అడగలేదు, వాడే వెళ్లి భుజం పెట్టాడు.

ఆమెను తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ మధ్యాహ్నమే. పొయ్యి మీద పప్పులో గంటె తిప్పుతున్న ముసలామె ఆమెను చూసి, "లేవకు బిడ్డా, తిని పో" అని విస్తరాకు వేసింది. ఆమె చెప్పులు పక్కకు పెట్టి, స్పిరిట్ అంటిన చేతిని కొంగుకు తుడుచుకుని, విజయవాడ రోడ్డు మీద వరుసలో కూర్చున్నారు. ఎదురుగా ఆమె సొంతూరికి పోయే దారి, ఒక్క లారీ కూడా లేకుండా ఖాళీగా ఎండలో మెరుస్తోంది. పప్పన్నం కలుపుకుంటూ ఆమె అటే చూస్తున్నారు. తమ్ముడు వంగి ఆమె విస్తట్లో ఇంకో గరిటె వేస్తున్నాడు.