కనకమ్మ ఏరిన అరకిలో

తాడేపల్లిగూడెం కనకమ్మ గుప్పెడు కలుపు మొక్కతో హైదరాబాదు ల్యాబులో ఏనుగంత మిషన్‌ని మూడు రోజులు మూర్ఛలో పడేసింది. నమ్మనివాళ్ళు మార్కెట్ యార్డులో ఎవరినైనా అడగొచ్చు. ఒక ఏనుగు రెండేనుగులవుతుంది గానీ తగ్గదు.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారు కొట్టేసిన ఏడాది పని పోయి, ఆవిడ గూడెంలో మూలికల పొడి చేసే కంపెనీలో చేరింది. కాలేయానికి బలమంటూ గుంటగలగరాకు పొడిని సీసాల్లో నింపి అమ్ముతారక్కడ. చిక్కల్లా, ఆ ఆకు పెరిగే తడినేలల్లోనే తేలుమణి అనే కలుపూ పెరుగుతుంది. ఎండి నలిగితే రెండూ ఒకలాగే ఉంటాయి. దాన్లోని విషం పట్టుకునేది మళ్ళీ కాలేయాన్నే. అందుకే ల్యాబు కాగితం లేనిదే సరుకు ముట్టుకోరు కొనేవాళ్ళు.

కనకమ్మ చేటలో పోసుకుని ఏరిందంటే, తేలుతోకలా వంగిన తేలుమణి కంకి గోరంత ముక్కైనా మిగలదు.

“కనకమ్మా, నీ కళ్ళముందు ఆ ల్యాబు మిషన్ దేనికీ పనికిరాదు!” అనేవాడు మేనేజరు ప్రసాదరావు.

రిపోర్టు ఎప్పుడొచ్చినా ‘విషం లేదు’ అనే. తన చేటలోది పోగా మిగతా బస్తాలు వెనక షెడ్డులో వేరే ఆడవాళ్ళు ఏరుతున్నారని కనకమ్మ నమ్మకం. కంపెనీ ఊరికే ఇచ్చిన సొట్టమూత సీసాలు కైకలూరులో ఉన్న అక్క మాణిక్యానికి మోసింది.

“నా చేత్తో ఏరిందే అక్కా. రోజూ రెండు చెంచాలు నీళ్ళలో కలుపుకుని తాగు.”

అక్క ఆర్నెల్లు తాగింది. కళ్ళు పచ్చబడి, పొట్ట కుండలా ఉబ్బి ఏలూరు ఆస్పత్రిలో చేరితే, డాక్టరు సంచిలోని ఆ సీసానే పైకి తీసి, “ఇదెన్నాళ్ళనుంచి?” అన్నాడు. తొమ్మిదో రోజున మాణిక్యం పోయింది.

సమాధి చేసొచ్చిన మర్నాడు కనకమ్మ వెనక షెడ్డులోకి వెళ్ళింది. అక్కడ ఆడవాళ్ళెవరూ లేరు. బస్తాలు బస్తాలుగానే మరలో పడుతున్నాయి, కంకులతో సహా.

“ఇవి ఏరలేదేంటండీ?” అంది అక్కడే ఉన్న ప్రసాదరావుతో.

“భలేదానివే! ఇరవై టన్నులు ఏరిస్తే నీ మునిమనవరాలి పెళ్ళికి తెములుతుంది. ల్యాబుకి కావలసింది అరకిలో. అది నువ్వు ఏరుతున్నావుగా!”

“మా అక్క తాగిందండీ.”

ప్రసాదరావు జేబులో పెన్ను సర్దుకున్నాడు. “పెద్దావిడ కదా, కనకమ్మా.”

ఆ మంచి రిపోర్టులన్నీ తన వేళ్ళు రాసినవేనని ఆవిడకప్పుడు తెలిసింది. ఏరకపోతే పని పోతుంది. ఏరితే ఇంకెవరి అక్కో పోతుంది.

మళ్ళీ ల్యాబుకి పంపే రోజొచ్చింది. కనకమ్మ చేట ముందేసుకుని కూర్చుంది, చెయ్యి తిప్పింది, లేచింది. పది రోజులకి కాగితం వచ్చింది: విషం హద్దుకి ఎన్నో రెట్లు మించి ఉంది. లారీ గేటు దగ్గరే ఆగిపోయింది. కనకమ్మ కూడా గేటు బయటే ఆగిపోయింది. ఆవిడ పీట మీద వీరరాఘవమ్మ అనే ఇంకొకావిణ్ణి కూర్చోబెట్టారు. ఆ బస్తాల్లోంచే ఇంకో అరకిలో ఏరించారు, కాగితం శుభ్రంగా వచ్చింది, లారీ కదిలింది.

ఊరు మాత్రం కథ పెంచింది. టీకొట్టు జోగారావు ఆవిణ్ణి చూడగానే లేచి, “కొల్లేట్నుంచి బస్తాడు తేలుమణి తెచ్చి కలిపేశారటగా! మిషన్ పొగలు కక్కిందటగా అండీ!” అన్నాడు.

“మిషన్‌కేం కాలేదండీ. నేనేం కలపలేదు కూడా. ఆ ఒక్కరోజు ఏరలేదు.”